బోర్లించిన గిన్నె

పిచ్చుక తన స్టేట్‌మెంట్ కాగితాలు పిన్ని చేతిలో పెట్టి, ఆవిడ మొహం చూసే ధైర్యం చాలక కిటికీవైపు తిరిగి నిలబడింది. పోయిన వారం మనం వాళ్లిద్దరినీ అక్కడ వదిలిపెట్టి వచ్చాం. ఈ వారమే చదవడం మొదలుపెట్టిన వారి కోసం రెండు ముక్కలు చెబుతాను. తెలిసినవారు కాస్త ఓపిక పట్టాలి.

పిచ్చుక అసలు పేరు కాదు. పుట్టినప్పుడు అరచేతిలో ఇమిడేంత ఉందని వాళ్ల నాన్న పెట్టిన ముద్దుపేరు. ఇప్పుడు గుమ్మానికి తల తగిలేంత పొడుగైనా ఆ పేరు మాత్రం ఎదగలేదు. వెటర్నరీ కాలేజీలో సీటు కోసం దరఖాస్తు పెడుతోంది. మార్కులకు లోటు లేదు. కానీ ఆ కాలేజీవాళ్లకు మార్కులు చాలవు. పశువైద్యమే ఎందుకు చదవాలనుకుంటున్నారో సొంత మాటల్లో రాయమంటారు, ఎవరి దగ్గర పని నేర్చుకున్నారో ఆ డాక్టరు చేత, రాసిందంతా నిజమేనని సంతకం, స్టాంపు వేయించుకు రమ్మంటారు. పిచ్చుకకు పని నేర్పిన డాక్టరు పిన్నే, అంటే అమ్మకు సొంత చెల్లెలు. గడువు రేపటితో ఆఖరు. ఆ సంతకం పడకపోతే దరఖాస్తు విప్పి కూడా చూడరు.

మధ్యాహ్నం కావడంతో క్లినిక్‌లో జనం లేరు. ఫినాయిల్ వాసన, దానికింద తడిసిన కుక్కబొచ్చు వాసన. గోడవారగా వరసగా పంజరాలు. చివరి పంజరంలో మెడకు ప్లాస్టిక్ గరాటా తగిలించుకుని ఒక పిల్లి లోకం మీద అలిగి కూర్చుంది. దాని పక్క పంజరంలో సాయంత్రం ఆపరేషన్ జరగాల్సిన కుక్క ఒకటి ఆకలికి కుయ్ కుయ్‌మంటోంది. ఆ పంజరం పైన స్టీలు గిన్నె ఒకటి బోర్లించి ఉంది. ఇది పిన్ని పెట్టుకున్న పద్ధతి. మత్తు ఇవ్వబోయే జంతువు కడుపు ఖాళీగా ఉండాలి, కాబట్టి గిన్నె బోర్లించి ఉందంటే దాని నోట్లో మెతుకు పడకూడదని గుర్తు. ఈ పొద్దున ఆ గిన్నెను బోర్లించింది పిచ్చుకే.

పిన్ని కాగితాలను ఎక్స్‌రే చూసినట్టు వెలుతురుకు ఎత్తిపట్టి చదువుతుంది. అది ఆవిడ అలవాటు. మొదటి పేజీ బాగానే గడిచింది. జంతువుల మీద ప్రేమ అని రెండుచోట్ల వచ్చిందని, ఒకటి కొట్టేయమని అన్నది. ప్రేమ ఉందని దరఖాస్తు పెట్టే ప్రతివాళ్లూ రాస్తారు, పేడ ఎత్తానని రాసేవాళ్లే తక్కువ, కాబట్టి పేడ సంగతి పైకి తీసుకురమ్మన్నది. పిచ్చుక నవ్వింది. నవ్వుతూనే, పిన్ని పేజీ తిప్పడం చూసి నవ్వు మింగేసింది.

రెండో పేజీలో ఇలా ఉంది: "నేను మూడో తరగతి చదివేటప్పుడు ఒక క్లినిక్‌లో, ఒక చిన్న ఆపరేషన్ కోసం తెచ్చిన కుక్క బల్లమీదే చనిపోయింది. మత్తు ఇచ్చిన చెయ్యి పొరపాటు పడింది. అంత మంచి డాక్టరు చేతిలో కూడా ఒక ప్రాణం పోయింది. అలాంటి పొరపాటు చేయని డాక్టరు కావాలని నేను ఆ రోజే అనుకున్నాను."

పిన్ని ఆ నాలుగు వాక్యాలూ చదివి, మళ్లీ మొదటినుంచి చదివింది. కళ్లజోడు తీసి బల్లమీద పెట్టింది. ఫ్యాను గాలికి కాగితం అంచు లేస్తుంటే బొటనవేలితో నొక్కి పట్టుకుంది.

"ఇది మార్చు," అన్నది.

ఇదే అంటుందని పిచ్చుక భయపడుతూనే ఉంది, అందుకని జవాబు సిద్ధంగా పెట్టుకుంది. పేరు రాయలేదని, క్లినిక్ ఏదో చెప్పలేదని, పైగా మంచి డాక్టరనే రాశానని అన్నది. తను పిన్నిని ఎప్పుడో క్షమించేసిందని మాత్రం పైకి అనలేదు. అంత పెద్దమనసు తనకుందని లోలోపల కాస్త గర్వం కూడా ఉంది పిల్లకు. ఆ వయసు అలాంటిది.

"కావాలంటే నా పేరు పెట్టి రాయి, నాకేం బాధ లేదు. జరగనిది మాత్రం రాయకు. దాని కింద నిజమేనని సంతకం పెట్టాల్సింది నేను."

జరగనిదా? ఊరంతటికీ తెలిసిన సంగతి. ఆ కుక్క పేరు సిపాయి. క్లినిక్‌కు ఎదురుగా ఉండే దర్జీది. ఆ రోజునుంచీ దర్జీ తన దుకాణానికి వచ్చిన ప్రతివాడికీ ఆ కథ చెప్పాడు. కొలతలు తీసుకునేటప్పుడే చెప్పేవాడు. మెడచుట్టూ టేపు ఉండగా ఎవరూ లేచి వెళ్లిపోలేరు కదా. పిన్ని కాదనలేదు. మత్తు ఎక్కువైంది, తప్పు నాదే అని తన నోటితోనే ఒప్పుకుంది. ఆ వీధి సగం వేరే డాక్టరు దగ్గరికి పోయింది. అన్నిటికన్నా పెద్ద దెబ్బ సొంత అక్క దగ్గర తగిలింది. పిచ్చుక వాళ్లమ్మ నలుగురిలో, చెల్లెలైనా సరే తప్పు తప్పే అనేసింది. పసిపిల్ల అక్కడుండగానే కుక్క చచ్చిపోయింది, ఇక నా కూతురు ఆ గడప తొక్కదు అన్నది. సొంత చెల్లెల్ని కూడా వెనకేసుకురాని మనిషని అందరూ మెచ్చుకున్నారు. అప్పటినుంచి అక్కాచెల్లెళ్లు ఎక్కడైనా ఎదురుపడితే బాగున్నావా అంటే బాగున్నాను అనుకోవడమే. రెండేళ్ల కిందట పిచ్చుక మొండికేసి, అమ్మతో పోట్లాడి మరీ ఇక్కడికి రావడం మొదలుపెట్టింది.

ఇవన్నీ గుర్తొచ్చి పిచ్చుకకు ఒళ్లు మండింది. గడువు దగ్గర పడినప్పుడు మనిషి నోరు తన అదుపులో ఉండదు.

"నువ్వే ఒప్పుకున్నావుగా పిన్నీ. ఇన్నేళ్ల తర్వాత కాగితం మీద చూసేసరికి మనసు ఒప్పట్లేదా?"

ఆ మాట అనగానే నాలుక కరుచుకుంది. పిన్నికి కోపం వస్తే బాగుండేది. రాలేదు. లేచి వెళ్లి వీధి తలుపు దగ్గరగా వేసి వచ్చింది. ఇంకోరోజు చెబుదామనుకున్నాను, ఎప్పటికీ చెప్పకూడదని కూడా అనుకున్నాను, కానీ ఇది నువ్వు జీవితాంతం మోసే కాగితం, అబద్ధం మీద మొదలుపెట్టనివ్వలేను అన్నది. తర్వాత రోగి యజమానికి చెప్పినట్టు, మెల్లగా, ఏదీ దాచకుండా చెప్పింది.

మత్తు ఎక్కువ కాలేదు. మందు సరిగ్గానే ఇచ్చింది. మత్తు పట్టిన కాసేపటికి సిపాయి వాంతి చేసుకున్నాడు. స్పృహలేని జంతువు వాంతిని బయటికి ఉమ్మలేదు, అది ఊపిరిగొట్టంలోకి పోయింది. పిన్ని ఎంత లాగినా, ఎంత కడిగినా ఊపిరి రాలేదు. పొద్దుటినుంచి పస్తున్న కుక్క గొంతులో పాలల్లో నానిన రొట్టె ఉంది.

"ఎవరో పెట్టారు," అన్నది పిచ్చుక.

పిన్ని తల ఊపింది. పంజరాల వైపు చూసింది.

"నీకు ఆ రోజు జ్వరం. బడికి పంపకుండా మీ అమ్మ నిన్ను ఇక్కడికి తెచ్చింది. కాంపౌండరు సెలవులో ఉన్నాడని ఆ వారం అక్కే ముందు బల్ల దగ్గర కూర్చునేది. నేను సిపాయిని తీసుకెళ్లడానికి వచ్చేసరికి నువ్వు వాడి పంజరానికి ఆనుకుని దుప్పటి కప్పుకుని పడుకున్నావు. పాలూ రొట్టె కలిపిన కప్పు నీ పక్కన ఖాళీగా ఉంది. తినేశావనుకున్నా. బోర్లించిన గిన్నె పంజరంలో వెల్లకిలా ఉందని అప్పుడు నేను చూడలేదు. అంతా అయిపోయాక చూశాను."

పెద్దవాళ్లలో ఎవరైనా పెట్టుండొచ్చు కదా అన్నది పిచ్చుక. పెద్దవాళ్లందరికీ గిన్నె సంగతి చెప్పే ఉంచాను, తెలియనిది నీ ఒక్కదానికే అన్నది పిన్ని.

"మరి నన్నెందుకు అడగలేదు?"

"అడిగితే నువ్వు నిజం చెప్పేస్తావని భయం. చెప్పాక దాన్ని నువ్వు మర్చిపోలేవు. ఎనిమిదేళ్ల పిల్లవి. నాకైతే తప్పు నెత్తిన వేసుకునే వయసుంది."

పిల్లి తుమ్మిందని తీసుకువచ్చినవాళ్లను సైతం పక్కన కూర్చోబెట్టుకుని పదిరకాలుగా అడిగే మనిషి పిన్ని. ఏం తిన్నది, ఎక్కడ పడుకుంది, ఎవరు చూశారు అని వదలకుండా అడుగుతుంది. అలాంటి మనిషి ఈ ఒక్క విషయంలో ఎవర్నీ ఏమీ అడగలేదు. అడగకుండా ఉండటమే ప్రేమనుకుంది. ఎనిమిదేళ్ల పిల్లకు చేసిన మేలు అని ఇన్నాళ్లూ అనుకుంటూ వచ్చింది.

పిచ్చుక కాగితాలు తీసుకుని ఇంటికి ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు. దారిలో తనకు గుర్తున్నదంతా తోడి తోడి చూసుకుంది. దుప్పటి గుచ్చుకోవడం గుర్తుంది. పంజరం కమ్మీల మధ్యనుంచి సిపాయి తడిముక్కు తన చేతికి తగలడం గుర్తుంది. కప్పు గుర్తులేదు. కానీ గుర్తు లేనంతమాత్రాన చెయ్యలేదని కాదు కదా. ఇన్నాళ్లూ ఆ కుక్క చావును తలుచుకుని తను డాక్టరు కావాలనుకుంది. ఆ చావు తన చేతిదేనా? ఎవర్ని క్షమించానని గర్వపడిందో, ఆవిడే తనను ఎప్పుడో క్షమించి, తన బదులు నిందలు పడుతోందా? సిగ్గుతో చెవులు వేడెక్కిపోయాయి.

ఇంటికి రాగానే భోజనాల బల్ల దగ్గర కూర్చుని ఆ పేరా కొట్టేసి కొత్తగా రాసింది. "నేను మూడో తరగతి చదివేటప్పుడు ఒక కుక్క ప్రాణం తీశాను" అని మొదలుపెట్టింది. ఇది చదివితే కాలేజీవాళ్లు సీటు ఇస్తారో ఇవ్వరో తెలియదు, కానీ పిన్ని సంతకం పెట్టగలిగేది ఇప్పటికిదొక్కటే. ఏడుపు వస్తున్నా రాయడం ఆపలేదు.

అమ్మ లైబ్రరీనుంచి వచ్చి, చీర కొంగు దోపుకుని, వంటింట్లో గిన్నెలు కడుగుతోంది. అమ్మకు గిన్నెలు కడిగేటప్పుడు మాట్లాడటం ఇష్టం. సంతకం అయిందా అని కేక వేసింది. కాలేదన్న జవాబు విని, నేను ముందే చెప్పాను, ఆవిడకు తన తప్పు కాగితం మీద చూసుకోవడం ఎలా నచ్చుతుంది అన్నది. రోజూ అనే మాటే. రోజూ పిచ్చుక ఊరుకునేది. ఈ రోజు కాగితం పట్టుకుని వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"పిన్ని తప్పు కాదమ్మా. నాది."

చదివి వినిపించింది. అమ్మ మొదట సగం వింటూ సగం తోముతూ ఉంది. పాలల్లో నానిన రొట్టె అన్నచోట చెయ్యి ఆగింది. కుళాయి కట్టేసింది.

"మళ్లీ చదువు."

పిచ్చుక మళ్లీ చదివింది. అమ్మ చేతిలో ఉన్న గిన్నెనుంచి నురగ మోచేతి మీదుగా కారి నేలమీద పడుతోంది. అమ్మకు తెలియడం లేదు.

"నువ్వు ఆ రోజు ఏమీ తినలేదే," అన్నది అమ్మ. "చెంచా నోటిదాకా తెస్తే మొహం తిప్పుకున్నావు. జ్వరంలో నిద్రపోయావు. నేనే దుప్పటి కప్పాను."

"మరి కప్పు ఖాళీగా ఉందంది పిన్ని."

అమ్మ గిన్నెను తొట్టిలో పెట్టి, చేతులు తుడుచుకోకుండానే పీట మీద కూర్చుంది. ఎప్పుడూ వీపు నిటారుగా పెట్టుకుని కూర్చునే మనిషి ఒక్కసారిగా కుంచించుకుపోయింది. పిచ్చుకకు భయం వేసి దగ్గరికి వెళ్లింది.

"ఆ సిపాయి ఒకటే ఏడుపు. నువ్వేమో తినవు. పారబొయ్యడానికి మనసొప్పలేదు. గిన్నె ఎవరో మర్చిపోయి బోర్లించారనుకుని తిప్పి, అందులో పోసి వాడి ముందు పెట్టాను."

"పెద్దవాళ్లందరికీ చెప్పానంది పిన్ని."

"నాకు చెప్పలేదు. చెప్పాననుకుని ఉంటుంది. అక్కను కదా, నాకు అన్నీ ముందే తెలుసనుకుంటుంది అది." వేళ్లకంటిన నురగ చూసుకుంటూ అన్నది. "సాయంత్రం మత్తు ఎక్కువైందని చెప్పింది. మత్తు అంటే మత్తే అనుకున్నాను. పాలూ రొట్టె నాకెందుకు గుర్తొస్తాయి?"

పిచ్చుకకు మొదట కలిగింది నిజం చెప్పాలంటే ఉపశమనం. తను కాదు. తన చెయ్యి కాదు. ఆ వెంటనే ప్రశ్నలు తన్నుకొచ్చాయి. చెల్లెలైనా సరే తప్పు తప్పే అన్నది ఎవరు? ఆ గడప తొక్కొద్దని తనను ఇన్నేళ్లు ఆపింది ఎవరు? దర్జీ కథ విని వచ్చినవాళ్లు అడిగితే, అవును నిజమే అని తల ఊపింది ఎవరు? అన్నీ అడగాలనుకుంది. అమ్మ మొహం చూసి ఏదీ అడగలేకపోయింది. అమ్మ కూడా తనను తాను అవే అడుగుతోంది.

అయినా మనిషి మనిషే. కాసేపటికి అమ్మ తల ఎత్తి, కూతురి చేతిలోని కాగితం వైపు చూసింది. ఆ పేరా తీసెయ్యమన్నది. నీది కాని తప్పు నువ్వు రాయొద్దు, ఇంకేదైనా రాసుకో, ఆవు ఈనడం చూశానని రాసుకో, ఇది మాత్రం వద్దు అన్నది. గొంతులో బతిమాలడం ఉంది.

"నాది రాయకూడదు. నీది రాయకూడదు. పిన్నిది మాత్రం రాయొచ్చామ్మా?"

అమ్మ చూపు తొట్టిలోని గిన్నె మీదికి మళ్లింది.

అప్పుడే వీధి గంట మోగింది. పిచ్చుక కాగితం పట్టుకునే వెళ్లి తలుపు తీసింది. పిన్ని. క్లినిక్ తెల్లకోటు విప్పడం కూడా మర్చిపోయి వచ్చింది. మెట్లెక్కిన ఆయాసం ఇంకా తగ్గలేదు. ఈ మెట్లు ఆవిడ ఎక్కి ఏళ్లు అవుతోంది. ఆవిడ చేతిసంచిలో కలమూ, స్టాంపూ, సిరాదిండు డబ్బా ఉన్నాయి. లోపలికి రాకుండా, గడప బయటే నిలబడి, గబగబా చెప్పడం మొదలుపెట్టింది.

పిచ్చుక వెళ్లిపోయాక పని మీద చెయ్యి ఆడలేదట. కుక్క ఆపరేషన్ కూడా రేపటికి వాయిదా వేసి, దానికి అన్నం పెట్టేసి వచ్చిందట. చిన్నపిల్ల నెత్తిన అంత బరువు పెట్టి పంపాను, బుద్ధిలేని పని చేశాను అన్నది. దరఖాస్తులో పిచ్చుక తనే కుక్కను చంపానని రాస్తే కాలేజీవాళ్లు ఏమనుకుంటారో అని ఆలోచించిందట. ఇన్నాళ్లూ మోసినదాన్ని ఇంకొక్క కాగితం మీద మోస్తే నాకు పోయేదేమీ లేదని నిర్ణయించుకుని వచ్చిందట.

"మొదట రాసిందే ఉంచు. మత్తు ఇచ్చిన చెయ్యి పొరపాటు అన్నావు చూడు, అదే. నేను సంతకం పెట్టేస్తాను, స్టాంపు కూడా తెచ్చాను. నువ్వు సీటు తెచ్చుకో, అంతే. మీ అమ్మకు మాత్రం ఈ మాటలేవీ చెప్పకు."

పిచ్చుక కదల్లేదు. ఆ సంతకం పడితే సీటు వస్తుంది. ఆ సంతకం పడితే అబద్ధం స్టాంపుతో సహా నిజమైపోతుంది, ఇక దాన్ని ఎవరూ చెరపలేరు. పిన్ని అప్పటికే పిల్ల చేతిలోని కాగితం లాక్కుని, చదవకుండానే గడప బయట గోడకు ఆనించి, కలం మూత తీసింది. పిల్ల కళ్లు తన భుజం మీదుగా వంటింటివైపు తిరిగాయి.

వంటింటి గుమ్మంలో అమ్మ నిలబడి ఉంది. తడిచేతులు చీరకు తుడుచుకుంటోంది. ఎంతసేపటినుంచి వింటోందో. అక్కను చూసి పిన్ని చేతిలోని కలం ఆగిపోయింది. అలవాటు కొద్దీ, బాగున్నావా అక్కా అన్నది. అలవాటు కొద్దీ రావాల్సిన జవాబు రాలేదు. అమ్మ గదిలోకి నడిచి వచ్చి, భోజనాల బల్ల దగ్గర కుర్చీ ఒకటి లాగి, చెల్లెలి కోసం పక్కకు జరిపి పెట్టింది.

"సంతకం తర్వాత పెడుదువుగాని, లోపలికి రా," అన్నది. "ఆ రోజు అడగాల్సిన ప్రశ్న ఒకటి అడగలేదు నువ్వు. పిల్లను అడగక్కర్లేదు, నన్నడుగు. ఇప్పుడు అడుగు."